సొరచేపల పరిశోధనకు దారి చేపల రేవు నుంచే మొదలవుతుంది

విజయవాడలో బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. తీరప్రాంత జలాల్లోని సొరచేపల మీద పరిశోధన చేయాలని ఆమెకు బలమైన కోరిక ఉంది. కానీ సముద్రం ఒడ్డున పుట్టలేదు, ఈత రాదు, ఇంట్లో పెద్దవాళ్లు "దీంతో ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమంటున్నారు. నేను గుంటూరులో పుట్టి, నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, ఇరవై రెండేళ్లుగా తూర్పు తీరంలో సొరల మీద, వాటికి దగ్గరి చుట్టాలైన బల్లపరుపు చేపలు టేకుల మీద పనిచేస్తున్నాను. నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. మీరు సొరను మొదట చూడవలసిన చోటు నీటి అడుగు కాదు, చేపల రేవు. టీవీలో చూపించే నీలి నీళ్లు, పంజరంలో నిలబడిన మనిషి, ఎదురుగా వచ్చే పెద్ద సొర, ఇవన్నీ నిజమే అయినా మన తీరానికి చెందిన దృశ్యాలు కావు. కృష్ణా, గోదావరి నదులు తెచ్చే ఒండ్రు వల్ల మన దగ్గర ఒడ్డు నీళ్లు ఏడాదిలో ఎక్కువ భాగం బురదగానే ఉంటాయి, అక్కడ మునిగి చూస్తే చాచిన చెయ్యి కూడా సరిగా కనబడదు. అందువల్ల మన ప్రాంతంలో సొరల గురించి ఇప్పటివరకు తెలిసినదాంట్లో అత్యధిక భాగం తెల్లవారుజామున జెట్టీ మీద, మరబోట్లు దించిన సరుకు పక్కన కూర్చుని, కొలిచి రాసుకున్న లెక్కల నుంచే వచ్చింది. చనిపోయిన సొర పక్కన కూర్చోవడం మనసుకు కష్టంగా ఉంటుంది, నాకు ఇప్పటికీ ఉంటుంది. కానీ ఆ చేప ఎలాగూ వలలో పడింది. ఎవరూ కొలవకుండా అది వేలంపాటలో వెళ్లిపోతే, దాని గురించి మనకు తెలియవలసింది కూడా దానితోపాటే పోతుంది.

మీరు విజయవాడలో ఉన్నారు గనుక మచిలీపట్నం దగ్గర గిలకలదిండి రేవు మీకు రైలు దూరంలోనే ఉంది. గుంటూరు వైపు వారికి నిజాంపట్నం దగ్గర. రేపల్లె వరకు రైలులో వెళ్లి అక్కడి నుంచి బస్సు ఎక్కవచ్చు. వెళ్లేముందు ఒకటి గుర్తుంచుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. సరిగ్గా మీ వేసవి సెలవులు అప్పుడే వస్తాయి. ఉత్సాహంగా సెలవుల్లో బయలుదేరి ఖాళీ జెట్టీ చూసి నిరాశతో తిరిగివచ్చిన విద్యార్థులు నాకు తెలుసు. ఆదివారాలు, దసరా, సంక్రాంతి సెలవులు ఈ పనికి పెట్టుకోండి. వేసవి రెండు నెలలు రాసుకున్న లెక్కలు సరిచేసుకోవడానికి, చదువుకోవడానికి ఉంచుకోండి.

రేవులో ఏమి చూడాలి? సొర పొడవును ముట్టె కొస నుంచి తోక పై పాయ కొస వరకు, టేపును ఒంటి వంపు మీద పరచకుండా నేల మీద తిన్నగా పెట్టి కొలవాలి. మగదా ఆడదా అన్నది పుట్టిన పిల్లలో కూడా తెలుస్తుంది, ఎందుకంటే మగ సొరకు పొత్తికడుపు రెక్కల లోపలి అంచున రెండు కాడల వంటి అవయవాలు ఉంటాయి. అవి పొట్టిగా మెత్తగా ఉంటే పిల్ల, పొడుగై లోపల సున్నం చేరి గట్టిపడితే ఈడుకు వచ్చిన మగది. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇంకొకటి ఉంది. పాల సొరవంటి చాలా సొరలు గుడ్లు పెట్టవు, తల్లి కడుపులో బొడ్డు తాడుతో పెరిగిన పిల్లలను కంటాయి. కొత్తగా పుట్టిన పిల్లకు రొమ్ము రెక్కల మధ్య, కింది వైపు, బొడ్డు ఊడిన గాటు ఇంకా తెరిచే ఉంటుంది. కొన్ని వారాల్లో అది మూసుకుపోయి మచ్చగా మారి, తరువాత మచ్చ కూడా మాయమవుతుంది. ఆ గాటు తెరిచి ఉన్న పిల్లలు ఏ నెలలో, ఎంత లోతు నీళ్లలో, ఏ వలకు వచ్చాయో రాసుకుంటే, సొర ఎక్కడ కంటుందో ఎప్పుడు కంటుందో తెలుసుకోవడానికి మీకు ఒక ఆధారం దొరికినట్లే. దీనికి కావలసినది ఒక టేపు, ఒక పుస్తకం, బోటు నడిపే సరంగుతో రెండు నిమిషాల మాట.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీరు దాన్ని తప్పించుకోవచ్చు. నా పరిశోధన మొదటి సంవత్సరం పదకొండు నెలలపాటు చిన్న సొరలన్నిటినీ, రేవులో వాళ్లు పిలిచినట్లే, "పాల సొర" అని ఒకే పేరుతో రాసుకున్నాను. పాల సొర అని మనం పిలిచేదాన్ని శాస్త్రంలో రైజోప్రియోనోడాన్ అక్యూటస్ అంటారు. కానీ రేవులో ఆ పేరుతో నడిచేవాటిలో కనీసం మరో రెండు జాతులు కలుస్తాయి. రైజోప్రియోనోడాన్ ఒలిగోలింక్స్ అనే దానికి నోటి మూలలో ఉండే గాడి చాలా పొట్టిగా ఉంటుంది, అసలు పాల సొరకు అది పొడుగ్గా స్పష్టంగా ఉంటుంది. లాక్సోడాన్ మాక్రోరైనస్‌కు కంటి వెనుక అంచున చిన్న గంటు ఉంటుంది. ఈ తేడాలు నాకు పదకొండు నెలల తరువాత తెలిశాయి. అప్పటికి చేపలు లేవు, ఫొటోలు తీయలేదు, పుస్తకంలో అంకెలు మాత్రమే ఉన్నాయి. మూడు జాతుల పొడవులు కలిసిపోయిన ఆ పట్టికతో ఏ జాతి గురించీ ఏమీ చెప్పలేము. ఆ ఏడాది పని మొత్తం పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాను. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతి విద్యార్థికీ ఒకటే షరతు పెడతాను. కొలిచిన ప్రతి చేపకూ మూడు ఫొటోలు ఉండాలి: పక్క నుంచి ఒకటి, తల కింది భాగం ఒకటి, కన్ను దగ్గరగా ఒకటి, ప్రతిదానిలోనూ స్కేలు కనబడాలి. పేరు తప్పుపడినా ఫొటో ఉంటే ఎప్పటికైనా దిద్దుకోవచ్చు.

అలాగని స్థానిక పేర్లను తక్కువ చేయకండి. ఈస్టిండియా కంపెనీలో ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలను బొమ్మలతో సహా 1803లో లండన్‌లో ప్రచురించాడు. వాటిలో మన జాలరులు చెప్పిన పేర్లనే రాసుకున్నాడు, "పాల సొర" కూడా అందులో ఉంది. రెక్కల చివర నల్లటి మచ్చలుండే ఒక సొరకు కార్కరైనస్ సొర్రా అనే శాస్త్రీయ నామం 1839 నుంచి ఉంది. ప్రపంచంలో ఏ దేశపు శాస్త్రవేత్త ఆ చేప గురించి రాసినా మన తీరపు మాటనే పలకవలసి వస్తుంది. రేవులో వినబడే ప్రతి పేరునూ శాస్త్రీయ నామం పక్కన రాసుకోండి. ఏ ఊళ్లో ఏ పేరు ఏ చేపకు చెల్లుతుందో తెలిస్తేనే పాత వేటగాళ్లు చెప్పే ముప్పై, నలభై ఏళ్ల కిందటి సంగతులు మీకు సరిగా అర్థమవుతాయి.

ఇంత శ్రమ దేనికని మీ ఇంట్లో అడగవచ్చు. కవళ్లు, కానాగంతల వంటి చేపలు ఒక్కోసారి వేల సంఖ్యలో గుడ్లు పెడతాయి, వాటిని ఎక్కువగా పట్టినా, కాలం అనుకూలిస్తే త్వరగా కోలుకుంటాయి. పాల సొర దాదాపు ఏడాదిపాటు మోసి ఒక కాన్పులో 1 నుంచి 8 పిల్లలను మాత్రమే కంటుంది. సొరల్లో పెద్ద జాతులు చాలావరకు ఈడుకు రావడానికే ఎన్నో ఏళ్లు తీసుకుంటాయి. ఇలాంటి చేపను కవళ్లను పట్టినట్లు పడితే నిలవదు. నడిసముద్రంలో తిరిగే సొరలు, టేకులు 1970 తరువాత అర్ధశతాబ్దంలో 71 శాతం తగ్గిపోయాయని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. అదే సంవత్సరం జరిగిన మరో మదింపు, ప్రపంచంలోని సొరలు, టేకుల జాతుల్లో మూడో వంతుకు పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నాయని, దానికి ప్రధాన కారణం మితిమీరిన వేట అని చెప్పింది. మన దగ్గర చాలా సొరలు వాటికోసం వేసిన వలలో పడవు. రొయ్యల కోసం లాగే ట్రాల్ వలలో, ఇతర చేపల కోసం వేసిన వలల్లో, వాటితోపాటు వచ్చేస్తాయి. కాబట్టి "సొరల వేట ఆపండి" అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవడం కుదరదు. ఏ నెలలో, ఏ లోతులో, ఏ వల వల్ల పిల్లలు ఎక్కువ పోతున్నాయో చెప్పగలిగితేనే జాలరి బతుకు చెడకుండా చేపను కాపాడే దారి ఒకటి వెతకవచ్చు.

తీరప్రాంత జలాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రశ్న కూడా ఇదే. సొర పిల్లలు పెరిగే చోటును గుర్తించడానికి 2007లో కొందరు శాస్త్రవేత్తలు మూడు షరతులు పెట్టారు. మిగతా చోట్లకంటే అక్కడ పిల్లలు ఎక్కువగా కనబడాలి, అవి అక్కడే ఎక్కువ కాలం ఉండాలి లేదా మళ్లీ మళ్లీ రావాలి, ఏటేటా అదే చోటు వాడుకలో ఉండాలి. ఒక్క ఏడాది నాలుగు పిల్లలు దొరికినంత మాత్రాన ఆ పేరు పెట్టకూడదన్నమాట. ప్రకాశం బ్యారేజీ దాటి నీరు ఎంత వదిలారన్నదాన్ని బట్టి, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర ఉప్పదనం, బురద, మడ అడవుల పక్కనున్న చిన్న చేపల రాక అన్నీ మారుతుంటాయి. ఆ మార్పుతో పాటు సొర పిల్లల రాకపోకలు ఎలా మారుతున్నాయో కనీసం మూడు నాలుగేళ్లు వరుసగా చూసి రాయడం, విజయవాడలో పెరిగి కృష్ణ నీళ్లు తాగిన మనిషి చేయదగ్గ పరిశోధన అని నా నమ్మకం.

చట్టం విషయంలో చాలా జాగ్రత్తగా ఉండండి. 2001లో తిమింగల సొరకు, తరువాత మొత్తం పది జాతుల సొరలకు, టేకులకు, రంపపు చేపలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అత్యున్నత రక్షణ కల్పించారు. 2013 ఆగస్టు నుంచి సొరను రెక్కలు ఒంటికి ఉన్నట్లుగానే ఒడ్డుకు తేవాలన్న నియమం ఉంది, 2015 ఫిబ్రవరిలో రెక్కల ఎగుమతిని నిషేధించారు. చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి మరిన్ని జాతులను జాబితాల్లో చేర్చింది. రక్షిత జాతి చేప నుంచి చదువుకోసమైనా సరే ఒక పన్నుగాని, చిన్న కండ ముక్కగాని అటవీశాఖ అనుమతి లేకుండా తీసుకోకూడదు. డిగ్రీ విద్యార్థిగా మీరు నమూనాలే తీసుకోవద్దు, కొలతలు, ఫొటోలు చాలు. జాలరులకు కూడా ఈ చట్టాల భయం ఉంది. ఫొటో తీస్తే కేసు పెడతారేమోనని అనుమానిస్తారు. ముందుగా మీరెవరో, దేనికి అడుగుతున్నారో చెప్పి, వద్దంటే కెమెరా లోపల పెట్టేయండి. ఒకరి బోటు వివరాలు మరొకరికి ఎన్నడూ చెప్పకండి.

చదువు విషయానికి వస్తే రెండు దారులున్నాయి. ఇంటర్ బైపీసీ తరువాత ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల మత్స్య శాస్త్ర డిగ్రీ బీఎఫ్‌ఎస్సీలో చేరడం ఒకటి, నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య శాస్త్ర కళాశాల ఉంది. అక్కడి నుంచి జాతీయ స్థాయి పరీక్ష రాసి ముంబయిలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థవంటి చోట్ల ఎంఎఫ్‌ఎస్సీ చేయవచ్చు. మీరు ఇప్పటికే బీఎస్సీలో ఉన్నారు గనుక రెండో దారి మీది, అంటే జువాలజీలోగాని మెరైన్ బయాలజీలోగాని ఎమ్మెస్సీ. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయపు సముద్ర జీవశాస్త్ర కేంద్రం, కొచ్చిలోని కుశాట్ (కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం), ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయ ప్రాంగణం ఈ చదువుకు పేరున్నవి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైనది మీ బెజవాడలోనేనని, తరువాతే వాల్తేరుకు మారిందని ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఎమ్మెస్సీ తరువాత జాతీయ అర్హత పరీక్ష అయిన సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధకులకు నెలనెలా ఇచ్చే భృతి) వస్తే పీహెచ్‌డీకి ఎక్కడికైనా తలుపు తెరుచుకుంటుంది. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు కొచ్చి ప్రధాన స్థానమైనా విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. భారత మత్స్య సర్వేక్షణ సంస్థకు, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు కూడా విశాఖలో కేంద్రాలున్నాయి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో గాని, పీహెచ్‌డీలో గాని సొరల మీదే అంశం దొరకాలని పట్టుబట్టకండి. సొరల పరిశోధనలో ప్రపంచమంతా గౌరవించిన యూజీనీ క్లార్క్ 1950లో డాక్టరేట్ పొందింది సొరల మీద కాదు, అక్వేరియంలో పెంచే ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ అనే చిన్న చేపల పునరుత్పత్తి మీద. ఆ తరువాత 1955లో ఫ్లోరిడాలో చిన్న ప్రయోగశాల నెలకొల్పి సొరలు నేర్చుకోగలవని, నేర్చుకున్నది గుర్తుపెట్టుకోగలవని ప్రయోగాలతో చూపించారు. రొయ్య మీదైనా, మట్టగుడిస మీదైనా పని నేర్పే మంచి గురువు దొరికితే చేరండి. సొరల పేరు చెప్పి ఐదేళ్లు పట్టించుకోని గురువుకంటే అది వెయ్యి రెట్లు నయం.

మీరు ఇప్పుడే మొదలుపెట్టవలసిన విద్య గణాంకశాస్త్రం. జువాలజీ విద్యార్థులు దీన్ని తప్పించుకోవాలని చూస్తారు, నేనూ అలాగే చూశాను, తరువాత రెండేళ్లు దాని కోసమే ఖర్చు పెట్టాను. వెన్నుపూసను సన్నగా కోసి దాని వలయాలు లెక్కపెట్టి సొర వయసు చెప్పడం, కండ ముక్కలోని డీఎన్‌ఏతో జాతిని నిర్ధారించడం, సొర ఒంటికి శబ్దం పంపే చిన్న పరికరం తగిలించి నీటిలో పెట్టిన గ్రాహకాలతో దాని తిరుగుడు తెలుసుకోవడం, ఇవన్నీ ప్రయోగశాలలో ఎవరో ఒకరు నేర్పుతారు. వచ్చిన అంకెలను ఎలా నమ్మాలో, ఎంతవరకు నమ్మాలో మాత్రం మీరే కూర్చుని నేర్చుకోవాలి. గణాంకాలకు వాడే ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ కాలేజీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. ఈత కూడా నేర్చుకోండి, పడవ ఎక్కేవారికి అది ప్రాణరక్షణ. అయితే శిక్షకుడున్న కొలనులోనే నేర్చుకోండి, కాలువలో, ఘాట్ల దగ్గర ఒంటరిగా దిగవద్దని ఒక అక్కగా చెబుతున్నాను. స్కూబా తరువాత చూసుకోవచ్చు, దాని కోసం అప్పు చేయవద్దు.

ఇక మీ ఇంట్లోవాళ్ల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న, దాచకుండా చెబుతాను. జేఆర్‌ఎఫ్ ఇప్పుడు నెలకు 37,000 రూపాయలు, మీరు పీహెచ్‌డీ చేస్తున్నంతకాలం ఇంటి మీద ఆధారపడనక్కర లేదు. కానీ పీహెచ్‌డీకి ఐదేళ్లు, ఆ తరువాత రెండేళ్లకో మూడేళ్లకో ముగిసే ప్రాజెక్టు ఉద్యోగాల్లో మరికొన్నేళ్లు గడుస్తాయి. స్థిరమైన ఉద్యోగం నాకు ముప్పై ఆరో ఏట వచ్చింది. మధ్యలో ఒక సంస్థలో ఎనిమిది నెలలు జీతం ఆగిపోతే మా నాన్నగారు మాట అనకుండా డబ్బు పంపారు. అందరి ఇళ్లలో అది సాధ్యం కాదు. కాబట్టి రాష్ట్ర మత్స్యశాఖ ఉద్యోగ పరీక్షలు, అధ్యాపక పరీక్షలు కూడా పక్కన పెట్టుకుని చదవండి. మత్స్యశాఖలో ఉద్యోగం చేస్తూ రేవుల లెక్కలు శ్రద్ధగా రాసేవారు సొరలకు చేసే మేలు, పరిశోధకులు చేసేదానికంటే చిన్నది కాదు.

అమ్మాయి ఒంటరిగా తెల్లవారుజామున రేవుకు ఎలా వెళుతుందన్నది వారి అసలు భయం కావచ్చు. మొదటి రెండు మూడుసార్లు స్నేహితురాలితోనో, కాలేజీ అధ్యాపకురాలితోనో వెళ్లండి. రేవులో ముందుగా చేపలు కొని అమ్మే ఆడవాళ్లతో మాట్లాడండి. వేలంపాటలో ఏ బోటు సరుకు ఎప్పుడు వస్తుందో, ఏ సొర ఎక్కడి నుంచి వచ్చిందో వారికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నిజాంపట్నంలో ఎండు చేపలు అమ్మే ఒక పెద్దమ్మ పదిహేనేళ్లుగా నా పనిలో సగం భారం మోస్తున్నారు. కడుపుతో ఉన్న సొరను కోసేటప్పుడు నాకు ఫోన్ చేయించి, నేను వచ్చేవరకు పిల్లలను ఐసులో ఉంచుతారు. ఆమెతో మాటల్లోనే బాలింతలకు పాల సొర పెట్టే ఆచారం గురించి కూడా చాలాసార్లు మాట్లాడుకున్నాం. పెద్ద సొరల మాంసంలో పాదరసం ఎక్కువగా పేరుకుంటుందని, గర్భిణులు, బాలింతలు దాన్ని తినకపోవడమే మంచిదని నేను చెప్పినప్పటి నుంచి, కొనడానికి వచ్చిన వారికి ఆమె స్వయంగా ఆ మాట చెబుతున్నారు.

జూన్ 15న బోట్లు మళ్లీ సముద్రంలోకి వెళతాయి, నాలుగైదు రోజుల్లో మొదటి సరుకు రేవుకు చేరుతుంది. తడిసినా చెడని పుస్తకం, పెన్సిలు (పెన్ను సిరా చేప నీళ్లకు కారిపోతుంది), మూడు మీటర్ల టేపు, స్కేలు, రబ్బరు చెప్పులు తీసుకుని వెళ్లండి. మొదటి రోజు పది చేపలు కొలిస్తే చాలు. ఏ బోటు, ఏ వల, ఎన్ని బారల లోతు, ఎన్ని రోజుల వేట అన్నది ప్రతి చేప పక్కన రాయండి. పేరు తెలియని చేపకు పేరు పెట్టకుండా ఖాళీగా వదిలేసి ఫొటో తీసుకోండి.